చేతిరాత – గురువు చేయూత

పల్నాటి సీమకు అక్షరం కొత్తది కాదు. నాగార్జునకొండలో క్రీ.శ. 3వ శతాబ్దం నాటి ఇక్ష్వాకుల బ్రాహ్మీ శాసనాలు లభించాయి. ఆ లిపి క్రమపరిణామమే నేటి తెలుగు లిపి.

పూర్వం వీధిబడులలో పిల్లలు ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దేవారు. తరువాత పలక, బలపం వచ్చాయి. పొరుగునున్న మార్కాపురం పలకలకు ప్రసిద్ధి.

వేలిముద్ర వేసే తల్లిదండ్రుల బిడ్డకు ఇంట దిద్దబెట్టేవారుండరు. మాచర్ల, గురజాల పల్లెలలోనైనా, నరసరావుపేట వీధులలోనైనా ఆ లోటు తీర్చవలసినవాడు గురువే. వంకరరాతకు దండన మందు కాదు. మొదట కూర్చునే తీరును, బలపం పట్టే పద్ధతిని సరిదిద్దాలి. సున్న, తలకట్టు, కొమ్ము విడివిడిగా దిద్దించాలి. ‘ప–వ’, ‘మ–య’ వంటి జంటల భేదాన్ని పక్కపక్కనే రాసి చూపాలి. చేయి అలసిపోకముందే ఆపాలి. కుదిరిన ఒక్క అక్షరాన్నైనా మెచ్చుకోవాలి. తన పేరు తాను పొందికగా రాసుకొన్ననాడు బిడ్డకు చదువుపై నమ్మకం కుదురుతుంది.