కొలబద్దకు అందని భయం

భయం ప్రాణికోటికి ప్రకృతి ఇచ్చిన తొలి రక్షణ. పామును చూసి వెనుకకు గెంతని వానికి, బావి అంచున అడుగు తడబడని వానికి ఆయువు తక్కువ. అయితే మానవుడు అంతటితో ఊరుకోలేదు. అపాయం లేని చోట భయాన్ని కల్పించుకొని, దానిని అనుభవించి, నవ్వుతూ బయటపడటాన్ని ఒక వినోదంగా మలచుకొన్నాడు. 18వ శతాబ్దంలో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గు పరిసరాలలో ఎత్తయిన చెక్క కట్టడాలపై నీరు పోసి గడ్డకట్టించి, ఆ ఏటవాలు మంచుపై జారేవారు. 1884లో అమెరికాలోని కోనీ ఐలాండ్‌లో లామార్కస్ థాంప్సన్ నెలకొల్పిన బండి గంటకు సుమారు ఆరు మైళ్ళ వేగంతో ఎత్తుపల్లాల పట్టాలపై సాగేది. అయిదు సెంట్లు చెల్లించి ఎక్కడానికి జనం బారులు తీరారు. నేటి రోలర్ కోస్టర్లకు ఇవి పూర్వరూపాలు. తెలుగు నేలపై జాతరలలో తిరిగే రంగులరాట్నం, హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్‌లోని జెయింట్ వీల్ ఈ కోవకు చెందినవే.

పెద్దలకు ఈ వినోదం సులభం. ఏలనగా గుండె దడదడలాడుతున్న సమయంలో కూడ, ఇది ఆట మాత్రమేనన్న ఎఱుక వారి మనసులో ఒక మూల మేల్కొని ఉంటుంది. ఆ ఎఱుక ఉంటే కేక నవ్వుగా మారుతుంది. లేకుంటే కేక కేకగానే మిగిలిపోతుంది. నాలుగేళ్ళ పసివానిలో ఆ ఎఱుక ఉన్నదా? బిడ్డ చేయి పట్టుకొని రైడు వాకిట నిలిచిన తల్లిదండ్రులు తేల్చుకోవలసిన అసలు ప్రశ్న ఇదే.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, అనహైం నగరంలో 1955 జూలై 17న డిస్నీలాండ్ ప్రారంభమైంది. కథాలోకంలో విహరిస్తున్న అనుభూతిని కలిగించే థీమ్ పార్కులకు అది ఒరవడి దిద్దింది. అక్కడ వేగంగా సాగే రైడ్ల ముంగిట ఎత్తు కొలిచే కొలబద్ద ఉంటుంది. మంచుకొండ ఆకారంలోని మాటర్‌హార్న్ రైడు ఎక్కడానికి 42 అంగుళాలు, అనగా సుమారు 107 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. చీకటిలో దూసుకుపోయే స్పేస్ మౌంటెన్‌కు 40 అంగుళాలు, సుమారు 102 సెంటీమీటర్లు చాలు. ఈ కొలతలు ఊరకే నిర్ణయించినవి కావు. బండి హఠాత్తుగా దిగే చోట శరీరం ఆసనం నుండి పైకి లేవబోతుంది. ఒడిపై బిగిసే కడ్డీ తొడలను, నడుమును అదిమి పట్టినప్పుడే అది కుదురుగా నిలుస్తుంది. శరీరం మరీ చిన్నదైతే కడ్డీకి, ఒడికి మధ్య సందు మిగులుతుంది, బిడ్డ జారిపోవచ్చు. బూట్లలో అట్టముక్కలు పెట్టి, మునివేళ్ళపై నిలబెట్టి పిల్లవాణ్ణి కొలబద్ద దాటించే తల్లిదండ్రులు లేకపోలేదు. వారు మోసగించబూనింది వాకిటి కాపలాదారుణ్ణి కాదు, భౌతికశాస్త్రాన్ని.

కాని కొలబద్ద చెప్పగలిగింది అంతవరకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ప్రమాణాల ప్రకారం నాలుగేళ్ళు నిండిన పిల్లల మధ్యస్థపు ఎత్తు సుమారు 103 సెంటీమీటర్లు. అనగా స్పేస్ మౌంటెన్ తలుపు ఎందరో పిల్లలకు నాలుగేళ్ళకే తెరుచుకొంటుంది. శరీరం అర్హత పొందిన ఆ వయసులో మనసు ఏ దశలో ఉంటుందో తెలిపే ఒక విచిత్రమైన ప్రయోగం ఉన్నది.

రీటా డివ్రీస్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఆ ప్రయోగ ఫలితాలను 1969లో ప్రచురించింది. అందులో కథానాయకుడు మేనార్డ్ అనే సాధువైన పిల్లి. మూడు నుండి ఆరేళ్ళ వయసు గల పిల్లలకు ముందుగా దానిని చూపి, నిమరనిచ్చారు. తరువాత పిల్లి తలభాగాన్ని తెర వెనుక ఉంచి, తోకభాగం కనిపిస్తూనే ఉండగా, దాని ముఖానికి కుక్క ముసుగు తొడిగారు. ముసుగుతో ఉన్న జంతువును చూపి, ఇది ఇప్పుడు ఏమిటని అడిగారు. మూడేళ్ళ వారిలో అనేకులు అది కుక్కగా మారిపోయిందన్నారు. దాని లోపలి ఎముకలు కూడ కుక్క ఎముకలేనని, అది మొరగగలదని నమ్మారు. ఆరేళ్ళవారు మాత్రం అది ముసుగు వేసుకొన్న పిల్లి అని గుర్తించారు. పిల్లి కళ్ళ ముందు నుండి కదలలేదు. మారింది రూపం మాత్రమే. అయినా చిన్నవారికి రూపం మారితే వస్తువే మారినట్లు.

బోనాల ఊరేగింపులో కొరడా ఝళిపిస్తూ వచ్చే పోతరాజును చూసి తల్లి కొంగు చాటున దాగే పసివాని స్థితి కూడ ఇదే. పులివేషగాడు ముసుగు తీసి, పక్కింటి మామయ్యగా నవ్వినప్పుడు బిడ్డ కూడ నవ్వుతాడు; ముసుగు మళ్ళీ ఎక్కగానే ఏడుపు మొదలవుతుంది. "అదంతా వేషం నాన్నా" అన్న తల్లి మాట అసత్యం కాదు. అయితే ఆ మాటను అందుకొనే మెట్టుకు బిడ్డ ఇంకా చేరలేదు. పైగా నాలుగు ముద్దలు తినిపించడానికి నిన్నటి రాత్రి బూచిని పిలిచినది కూడ ఆ తల్లే! ఇంటిలో ఉన్న బూచి థీమ్ పార్కులో లేదని బిడ్డ ఎట్లా నమ్మగలడు?

రైడ్లను రూపొందించిన నిపుణులు సైతం ఈ విషయంలో పొరబడ్డారు. డిస్నీలాండ్ ప్రారంభమైన ఏడే అక్కడ స్నోవైట్ కథ ఆధారంగా ఒక రైడు వెలసింది. నెమ్మదిగా సాగే బండిలో కూర్చొని చీకటి గదుల గుండా వెళ్ళాలి. ప్రేక్షకుడే స్నోవైట్ అన్నది నిర్మాతల ఊహ. కనుక రైడులో ఎక్కడా స్నోవైట్ బొమ్మ లేదు. మంత్రగత్తె మాత్రం విషపు ఆపిల్ చాచి, బండిలోని వారి మీదికే వచ్చేది. స్నోవైట్ ఏదని పెద్దలు వెతుక్కొన్నారు. పిల్లలకు కనిపించింది మంత్రగత్తె ఒక్కతే. 1983లో రైడును మార్చినప్పుడు స్నోవైట్ బొమ్మను చేర్చి, రైడు పేరులోనే భయానకమన్న అర్థం వచ్చే మాటను కలిపారు. అది ఒక విధంగా తల్లిదండ్రులకు చేసిన హెచ్చరిక. చివరకు 2021లో ఆ మాటను తొలగించి, కథలోని సంతోషభరిత ఘట్టాలను పెంచి, 'స్నోవైట్స్ ఎన్‌చాంటెడ్ విష్' అన్న కొత్త పేరుతో తిరిగి ప్రారంభించారు. సుకుమారి కథ, నెమ్మదైన బండి, ఎత్తు నిబంధన లేని వాకిలి - ఇన్ని చూసి పసిపిల్లలకు తగినదని భావించిన చోటనే ఏడుపు వినిపించింది అంటే ఆశ్చర్యపడవలసినది లేదు.

1969లో అక్కడే ప్రారంభమైన 'హాంటెడ్ మాన్షన్' అనే దయ్యాల భవంతి కూడ ఇట్టిదే. దానికి ఎత్తు నిబంధన లేదు, వేగం లేదు. కాని ప్రారంభంలోనే కిటికీలు లేని ఒక గదిలో అందరినీ నిలిపి తలుపు మూస్తారు. గోడలపై పటాలు సాగుతున్నట్లు కనిపిస్తాయి. దీపాలు ఆరిపోతాయి, ఉరుము ఉరుముతుంది, చీకటిలో ఒక కేక వినిపిస్తుంది. తరువాతి భాగంలో దయ్యాలు ఆడిపాడి నవ్విస్తాయి. అయితే తొలి గదిలోనే కంపించిపోయిన పిల్లవానికి ఆ హాస్యం చెవికెక్కదు.

దీనిని బట్టి భయం ఒకటి కాదని తెలుస్తుంది. ఎత్తు, వేగం, చీకటి, పెద్ద శబ్దం, వికృతరూపం వేటికవి వేరు. తండ్రి భుజాలపై నుండి ఎగరవేయించుకొని కిలకిలలాడే పిల్ల, చీకటి గదిలో అడుగుపెట్టకపోవచ్చు. దీపావళి నాడు టపాకాయ మోతకు చెవులు మూసుకొని మంచం కిందికి దూరేవాడు జెయింట్ వీల్ శిఖరాన నిర్భయంగా చేతులు ఊపవచ్చు. కనుక "మా వాడు ధైర్యవంతుడు" అన్న గొప్ప ఇక్కడ ఏమాత్రం పనికిరాదు. దేనికి ధైర్యవంతుడు అన్నది తెలియాలి. దానికి పార్కు దాకా వెళ్ళనవసరం లేదు. కరెంటు పోయిన రాత్రి, సినిమాలో రాక్షసుడు కనిపించిన క్షణం, ఎత్తయిన జారుడుబల్ల చివరి మెట్టు ఇంటివద్దనే సమాధానం చెబుతాయి.

స్వభావ భేదం కూడ ఉన్నది. జెరోమ్ కేగన్ అనే మనస్తత్త్వ శాస్త్రవేత్త నాలుగు నెలల శిశువులకు కొత్త రంగులు, శబ్దాలు, వాసనలు చూపి పరిశీలించాడు. వారిలో సుమారు అయిదవ వంతు మంది కాళ్ళుచేతులు కొట్టుకొని ఏడ్చారు. మరెందరో నిశ్చింతగా ఉండిపోయారు. మొదటి రకంవారిలో పలువురు పెరిగిన తరువాత కూడ కొత్తవాటిముందు వెనుకాడే పిల్లలయ్యారు. ఒకే తల్లి బిడ్డలలో అన్న నాలుగేళ్ళకే ఎక్కిన రైడును తమ్ముడు ఎనిమిదేళ్ళకు కూడ ఎక్కనంటే, అది పెంపకంలోని లోపం కాదు.

ఇక బిడ్డ సమ్మతి విషయం. బిడ్డ "వద్దు" అంటే ఆ మాటను యథాతథంగా స్వీకరించవచ్చు. "సరే" అన్న మాటను మాత్రం కొంత శోధించాలి. ఆ అంగీకారం రైడును గురించినదా, ఎదుటనున్న పెద్దల ముఖాన్ని గురించినదా? 1985లో వెలువడిన ఒక పరిశోధనలో ఏడాది వయసు శిశువులను దళసరి గాజుపలకపై ఉంచారు. గాజు కింద ఒక చోట లోతు ఉన్నట్లు కనిపిస్తుంది. అవతల తల్లి నిలబడి ఉంటుంది. లోతును చూసిన శిశువు ఆగి తల్లి ముఖంలోకి చూస్తుంది. తల్లి ముఖంలో సంతోషం కనిపించినప్పుడు 19 మందిలో 14 మంది దాటి వచ్చారు. భయం కనిపించినప్పుడు 17 మందిలో ఒక్కరూ దాటలేదు. మాటలు రాని నాడే ఇంతగా పెద్దల ముఖం చదివే బిడ్డ, నాలుగేళ్ళు వచ్చేసరికి ఆ విద్యలో ఆరితేరుతాడు. తండ్రి ఉత్సాహాన్ని, టికెట్టు ధరను, గంటసేపు వరుసలో నిలబడిన అలసటను గ్రహించి తలూపుతాడు.

డిస్నీ పార్కులలో ఏడేళ్ళ లోపు పిల్లలు రైడు ఎక్కాలంటే పక్కన 14 ఏళ్ళు నిండినవారు ఉండాలి. పెద్దలు అని కాక 14 ఏళ్ళు అని చెప్పడం గమనార్హం. కళాశాలలో చదివే అన్నయ్య, అక్కయ్య ఈ బాధ్యతకు అర్హులే. చిన్నవాని అంగీకారాన్ని అందరికంటె సులభంగా రాబట్టగలవారు కూడ వారే. "పిరికిపంద" అన్న ఒక్క మాట చాలు. అన్న మెప్పుకోసం తమ్ముడు ఎక్కుతాడు. కడ్డీ బిగిసిన తరువాత మనసు మారినా దిగే దారి లేదు. బస్సులోవలె గంట కొట్టి ఆపించుకోవడం అక్కడ కుదరదు. నిర్ణయం ఎక్కకముందే జరగాలనడానికి కారణం అదే.

"ఏమీ లేదు, ఊరికే కూర్చోవడమే" అని నమ్మించి ఎక్కించడం ఇంతకంటె హానికరం. రెండు నిమిషాల భయాన్ని బిడ్డ మరచిపోవచ్చు. ఏమీ లేదన్నవారి మాట అబద్ధమైన సంగతి త్వరగా మరచిపోడు. సూది మందు వేయించేనాడు, కొత్త బడిలో దింపేనాడు ఆ మాటతో మళ్ళీ పని పడుతుంది. "లోపల చీకటిగా ఉంటుంది, ఒక కేక వినిపిస్తుంది, నేను నీ చేయి పట్టుకొంటాను" అని ఉన్నది ఉన్నట్లు చెప్పడం వలన వినోదం తగ్గదు. రాబోయేది తెలిసినప్పుడు పసివారి భయం సగం తీరుతుంది.

మిగిలిన సగానికి మేరీ కవర్ జోన్స్ 1924లో వెల్లడించిన మార్గం నేటికీ ఉపయుక్తమే. మూడేళ్ళు నిండని పీటర్ అనే బాలుడు కుందేలును చూస్తే హడలిపోయేవాడు. ఆమె అతనికి ఇష్టమైన ఆహారం పెట్టి, అతడు తింటున్న సమయంలో బోనులోని కుందేలును గదిలో దూరంగా ఉంచింది. దినదినం కొంచెం కొంచెం దగ్గరకు జరిపింది. కొంతకాలానికి పీటర్ దానిని నిమరసాగాడు. బలవంతంగా ఒడిలో పడవేయడం, పిరికివాడని ఎగతాళి చేయడం ఆ పద్ధతిలో లేవు. రైడుకు కూడ ఇదే క్రమం వర్తిస్తుంది. ముందు ఇంటివద్ద దాని వీడియో చూపించాలి. పార్కులో దిగి వచ్చేవారి ముఖాలను దూరం నుండి చూడనివ్వాలి. నవ్వుతున్నదెవరు, ఏడుస్తున్నదెవరు అని బిడ్డనే లెక్కపెట్టమనవచ్చు. తరువాత నెమ్మదైన, వెలుతురున్న చిన్న రైడు. అది నచ్చితే మరొకటి. దినమంతా చిన్న రైళ్ళతోనే గడిచినా నష్టమేమీ లేదు.

వరుస చివరకు చేరి, బండి ఎదుటకు వచ్చిన క్షణంలో బిడ్డ వెనుకడుగు వేయడం సర్వసాధారణం. డిస్నీ పార్కులలోని పలు రైడ్లకు దీనికొక ఏర్పాటు ఉన్నది. ఒకరు బిడ్డతో బయట ఉంటే మరొకరు ఎక్కి వస్తారు. తరువాత రెండవవారు మొదటినుండి వరుసలో నిలబడకుండానే ఎక్కవచ్చు. మనుమలను చూడటానికి అమెరికా వెళ్ళి, వారితోబాటు అనహైం చేరే తాతయ్యలు, అమ్మమ్మలు ఈ ఏర్పాటుతో పనిలేకుండానే బిడ్డకు తోడుగా బల్లపై కూర్చొంటారు. అక్కడ ఐస్‌క్రీమ్ తింటూ, లోపలినుండి వచ్చిన అన్నను "ఏముంది? ఎంత చీకటి? నువ్వు ఏడ్చావా?" అని గుచ్చి గుచ్చి అడిగే పిల్లవాడు ఆ రైడుకు కొంత దగ్గరైనట్లే. అన్న కూడ కళ్ళు మూసుకొన్నానని ఒప్పుకొంటే మరికొంత దగ్గరవుతాడు.

ఎక్కి, భయపడి, ఏడ్చి వచ్చిన బిడ్డను వెంటనే మళ్ళీ ఎక్కించి భయం పోగొట్టాలని చూడరాదు. ఇక ఎన్నడూ తీసుకురామని శపథాలు కూడ చేయనవసరం లేదు. ఇంటికి వచ్చిన తరువాత అతడు దిండ్లను నిలబెట్టి గుహ కట్టి, దుప్పటి కప్పి, అందులోకి బొమ్మ కారును తోసి, తానే మంత్రగత్తెవలె అరుస్తాడు. అప్పుడు కారును ఎప్పుడు ఆపాలో, మంత్రగత్తె ఎక్కడ దాగాలో, దీపం ఎప్పుడు వెలగాలో అన్నీ అతని ఇష్టప్రకారమే జరుగుతాయి. పెద్దలను ఆ గుహలోనికి పిలిస్తే, కొంచెం భయపడుతూ వెళ్ళడమే వారి పని.