పదవి తీసుకునే ముందు

భూపాలపల్లి



లా చదువు మధ్యలో ఆపి మానుకోటలో పార్టీ పదవి తీసుకుంటనని రాసినవ్. రాజకీయం వద్దనను బిడ్డా. కాని వి.వి. గిరి గారి సంగతి తెలుసుకొని అడుగెయ్.

బరంపురం నుంచి 1913లో ఆయన లా చదవడానికి డబ్లిన్ పోయిన్రు. ఐర్లండ్ కూడా మనలెక్కనే తెల్లదొరల కింద నలుగుతున్న కాలం. అక్కడి జాతీయవాదులతో కలిసి తిరిగిన్రు. 1916 తిరుగుబాటును అణిచినంక, గాయాలతో ఉన్న కార్మిక నాయకుడు జేమ్స్ కనోలీని కుర్చీకి కట్టి కాల్చిన్రు. గిరి గారు ఆ ఏడే ఇంటికొచ్చిన్రు. దేశం కొట్లాట, కూలోని కొట్లాట వేరు కాదని ఆయనకు అక్కడే తెలిసిందని నా నమ్మకం. తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టిన్రు. 1937లో బొబ్బిలి రాజానే ఓడించి మద్రాసులో మంత్రి అయిన్రు.

నీకు చెప్పాలనుకున్నది 1954 ముచ్చట. అప్పుడాయన కేంద్ర కార్మిక మంత్రి. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును సర్కారు మార్చింది. ఆయన రాజీనామా చేసి బయటికొచ్చిన్రు. ఆ తర్వాత 1969లో స్వతంత్రంగా నిలబడి రాష్ట్రపతి అయిన్రు. 1974లో రైల్వే సమ్మెను అణిచి వేలమందిని జైళ్లల్ల పెట్టినప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఆయనే. మంత్రివర్గం మాట దాటే దారి రాష్ట్రపతికి లేదంటరు, నిజమే. అయినా ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ మనసు కలుక్కుమంటది. కార్మికునికి రాష్ట్రపతి గిరి కంటే రాజీనామా చేసిన గిరే ఎక్కువ అక్కరకొచ్చిన్రంటా నేను.

చదువు మాత్రం ఆపకు. మా బొగ్గుబాయి మీద మొదటి షిఫ్టు గేట్ మీటింగుల టోపీ లైటు పెట్టుకున్నోళ్లు ఉపన్యాసం వినరు. ఒకడు పే స్లిప్పు తీసి, ఈ రూపాయలు ఎందుకు కోసిన్రని అడుగుతడు. చదివి, ఏ నిబంధన కింద కోసిన్రో చెప్పినోన్నే నమ్ముతరు. సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘాన్ని రహస్య ఓటుతోనే ఎన్నుకుంటున్నం. గెలిచిన సంఘం మేనేజిమెంటు ఎదుట కూసొని మాట్లాడాలె. కోర్టుల చుట్టూ తిరిగే కంటే ఎదురెదురు కూసొని తేల్చుకోవాలన్నదే గిరి గారి పద్ధతి కూడా. దానికి నీకు చట్టం తెలిసుండాలె బిడ్డా.

పరీక్షలు రాసినంక రైలెక్కి కాజీపేటల దిగు, అక్కడి నుంచి బస్సుకు రా. ఈలోపు పదవి ఇస్తమన్నోళ్లను ఒక్కమాట అడుగు: మానుకోట మార్కెట్ హమాలీల రేటు మీద పార్టీ ఒకటంటే, హమాలీలు ఇంకోటంటే, నన్ను ఎటు నిలబడమంటరు? వాళ్లేమన్నరో నాకు రాయి.

నీ పెద్దబాపు