మడమల పగుళ్లకు బ్లేడు వద్దు

ప్రశ్న: రోజంతా నిలబడి పాఠాలు చెప్పే ఉద్యోగం నాది. మడమలు పగిలి దుప్పటికి గీరుకుంటున్నాయి. ఇంట్లోనే పెడిక్యూర్ చేసుకోవచ్చా? గట్టిపడిన చర్మాన్ని బ్లేడుతో తీసేయమంటున్నారు మా పక్కింటావిడ.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిస్సంకోచంగా చేసుకోండి. బ్లేడు మాత్రం ముట్టుకోకండి. కాస్త లోతుగా తెగినా ఇన్‌ఫెక్షన్ రావచ్చు.

గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు పాదాలు పెడితే చాలు. ఎక్కువసేపు నానితే చర్మం ఇంకా పొడిబారుతుంది. మెత్తబడ్డ మడమను ప్యూమిస్ రాయితో నెమ్మదిగా రుద్దండి. ఒక్కరోజులోనే నున్నగా చేసేయాలని చూడొద్దు. వారానికి ఒకట్రెండుసార్లు సరిపోతుంది. నిమ్మరసం పగుళ్లలో మంట పుట్టిస్తుంది, వాడకండి. గోళ్లను తిన్నగా కత్తిరించండి, మూలలు లోపలికి కోయొద్దు. గోటి మొదట్లో ఉండే పల్చటి పొర సూక్ష్మజీవుల్ని లోపలికి రానివ్వదు, దాన్నలాగే వదిలేయండి.

అసలు ఫలితం రాత్రి పూట రాసుకునే క్రీముతోనే. పాదాలు తుడుచుకున్న వెంటనే, వేళ్ల సందులు వదిలేసి, 10 నుంచి 25 శాతం యూరియా ఉన్న క్రీము రాసి నూలు సాక్సులు వేసుకోండి. ఇది రోజూ చేయాలి.

షుగర్ పరీక్ష చేయించుకుని ఎంతకాలమైంది? మధుమేహం ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గి, కాలినా తెగినా తెలియకపోవచ్చు. అలాంటివాళ్లు నానబెట్టడం, రుద్దడం రెండూ మానేసి ముందు డాక్టరుకు పాదాలు చూపించాలి. పగుళ్ల నుంచి రక్తం, చీము వచ్చినా అంతే.