పద్దెనిమిది మీటర్ల మరమనిషి నడవగలడా?

వీడియో ఆటలు ఆడేవారికి ఈ దృశ్యం కొత్త కాదు. తెర మీద మేడంత ఎత్తున ఒక ఇనుప మనిషి నిలబడి వుంటాడు. అతని గుండె భాగంలో చిన్న గది. ఆ గదిలో ఒక మనిషి కూర్చుని, మీటలు నొక్కుతూ ఆ మహాకాయాన్ని నడిపిస్తుంటాడు. అది పరుగెడుతుంది, గెంతుతుంది, పడిపోయి మళ్ళీ లేస్తుంది. 1989లో వచ్చిన ‘మెక్ వారియర్’, 1997లో వచ్చిన ‘ఆర్మర్డ్ కోర్’, 2014లో వచ్చిన ‘టైటాన్ ఫాల్’ ఇలాంటి ఆటలే. వీటికి ముందే, 1979లో, జపాన్ టెలివిజన్‌లో ‘గండమ్’ అనే బొమ్మల సీరియల్ ప్రసారమైంది. తర్వాత ఆ పేరుతో ఎన్నో వీడియో ఆటలు వచ్చాయి. అందులోని మరమనిషి ఎత్తు 18 మీటర్లు. అంటే దాదాపు ఆరంతస్తుల మేడంత! బరువు మాత్రం 43.4 టన్నులేనని కథలో లెక్క చెప్పారు.

“మేము పెద్దయ్యేసరికి ఇలాంటిది నిజంగా తయారవుతుందా?” అని మీలో చాలామందికి అనిపించి వుంటుంది. మంచి ప్రశ్నే. దీనికి జవాబు వెతకడానికి పెద్ద యంత్రశాల అక్కర్లేదు. ఎనిమిది పాచికలు, కాస్త గుణకారం వుంటే చాలు.

ఎనిమిది పాచికల పాఠం

ఒకే కొలత గల ఎనిమిది ఘనాకారపు పాచికలు తీసుకోండి. ఒకదాన్ని విడిగా వుంచి పరీక్షగా చూడండి. ఇప్పుడు దానికి రెట్టింపు పొడవు, రెట్టింపు వెడల్పు, రెట్టింపు ఎత్తు వుండే పెద్ద ఘనాన్ని పేర్చండి. ఎన్ని పాచికలు పట్టాయి? ఎనిమిదీ పట్టాయి. అంటే బరువు 8 రెట్లయింది. మరి కింద నేలను తాకుతున్నవి ఎన్ని? నాలుగే. ఎనిమిది పాచికల బరువును నాలుగు పాచికల చోటు మోస్తున్నదన్నమాట. మొదట ఒక్కొక్క చోటు మీద ఒక పాచిక బరువుంటే, ఇప్పుడు రెండు పాచికల బరువు పడింది.

కొలతలు మూడు రెట్లు చేస్తే అడుగు వైశాల్యం 9 రెట్లు, బరువు 27 రెట్లు. పది రెట్లు చేస్తే వైశాల్యం 100 రెట్లు, బరువు 1000 రెట్లు! వైశాల్యం వర్గం ప్రకారం, ఘనపరిమాణం ఘనం ప్రకారం పెరుగుతాయని మీరు లెక్కల్లో చదువుకున్నదే ఇది.

ఇక బలం సంగతి చూద్దాం. సన్నని తాడు కంటే లావు మోకు ఎక్కువ బరువు మోస్తుంది కదా! తాడు బలం దాని పొడవును బట్టి కాక, దాన్ని అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యాన్ని బట్టి వుంటుంది. ఎముకైనా, ఇనుప స్తంభమైనా ఇంతే. కనుక ఒక వస్తువును ఉన్నది ఉన్నట్టుగా పెంచుకుంటూ పోతే బరువు ముందు పరుగెత్తుతుంది, బలం వెనకబడుతుంది.

ఈ సంగతిని మొదట వివరంగా చెప్పినవాడు ఇటలీ శాస్త్రజ్ఞుడు గెలీలియో. 1638లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన రెండు ఎముకల బొమ్మలు పక్కపక్కనే గీశాడు. ఒకటి మామూలు ఎముక. రెండవది దానికి మూడు రెట్లు పొడవైనది. అంత పెద్ద జంతువులో అది కూడా అదే పని చేయాలంటే ఎంత లావుండాలో ఆ బొమ్మ చూపుతుంది. అది ఎముకలా కాక దుంగలా కనిపిస్తుంది! చీమ కాళ్ళు వెంట్రుకల్లా వున్నా ఏనుగు కాళ్ళు స్తంభాల్లా వుండడానికి కారణం ఇదే. చీమను ఏనుగంత చేస్తే ఆ సన్నని కాళ్ళ మీద నిలబడలేదు.

మనిషిని పదింతలు చేద్దాం

1.8 మీటర్ల ఎత్తు, 70 కిలోల బరువు వున్న ఒక మనిషిని తీసుకుందాం. అతన్ని అన్ని వైపులా పది రెట్లు పెంచితే ఎత్తు సరిగ్గా 18 మీటర్లవుతుంది. బరువు 70 × 1000 = 70,000 కిలోలు. అంటే 70 టన్నులు.

ఆ మనిషి రెండు పాదాలూ కలిసి సుమారు 350 చదరపు సెంటీమీటర్ల నేలను తాకుతాయనుకుందాం. అప్పుడు ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మీద 0.2 కిలోల బరువు పడుతుంది. మహాకాయుడి పాదాల వైశాల్యం 100 రెట్లు, బరువు 1000 రెట్లు. కనుక పీడనం పది రెట్లు పెరిగి 2 కిలోలవుతుంది. నడిచేటప్పుడు ఒక కాలు పైకెత్తాలి. అప్పుడది 4 కిలోలు! బరువైన యుద్ధ ట్యాంకు వెడల్పాటి గొలుసుపట్టాల మీద నడవడం వల్ల నేలను చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో చొప్పునే నొక్కుతుంది. అలాంటి ట్యాంకులే బురదలో దిగబడుతుంటాయి. ఇక మన మహాకాయుడు తడిసిన వరిచేలో కాలు పెడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

“మరి గండమ్ బరువు 43.4 టన్నులే కదా!” అంటారేమో. ఆ అంకెనూ పరీక్షిద్దాం. మనిషి శరీర సాంద్రత దాదాపు నీటి సాంద్రతకు సమానం. కనుక మన 18 మీటర్ల ఆకారం ఘనపరిమాణం సుమారు 70 ఘనపు మీటర్లు. అందులో 43.4 టన్నులే వుంటే సాంద్రత నీటి సాంద్రతలో 0.62 వంతు. లోపలికి నీరు చేరకుంటే ఆ ఇనుప వీరుడు చెరువులో కర్రదుంగలా తేలుతాడు! ఇనుము నీటి కంటే దాదాపు 8 రెట్లు బరువైనది. కాబట్టి ఆ శరీరంలో నూటికి 8 పాళ్ళే లోహం, తక్కినదంతా డొల్ల అన్నమాట. ఓడలూ డొల్లగానే వుంటాయి. కాని ఓడకు నడవాల్సిన అవసరం లేదు, గెంతాల్సిన అవసరం అంతకన్నా లేదు.

లోపల కూర్చున్నవాడి గతి?

యంత్రం సంగతి అలా వుంచి, దాన్ని నడిపే మనిషిని తలచుకోండి. పొడవైన లోలకం మెల్లగా, పొట్టి లోలకం త్వరగా ఊగుతాయి. మన కాలు కూడా నడిచేటప్పుడు లోలకంలాగే ఊగుతుంది. పొడవు పది రెట్లయితే ఊగే కాలం 10కి వర్గమూలం, అంటే దాదాపు 3.2 రెట్లవుతుంది. మనం అరసెకనులో వేసే అడుగుకు మహాకాయుడికి ఒకటిన్నర సెకను పైనే పడుతుంది. అడుగు పెద్దది కనుక వేగం గంటకు 16 కిలోమీటర్లుంటుంది. అంటే సైకిలు వేగం!

అలా కాక, ఆటలో మాదిరిగా మనిషంత చురుకుగా అడుగులు వేస్తేనో? నడకలో మన తల నాలుగైదు సెంటీమీటర్లు పైకీ కిందికీ కదులుతుంది. అక్కడ ఆ కదలిక అర మీటరుదాకా వుంటుంది, అదీ అరసెకనుకొకసారి. లోపలివాడికి మనకు తగిలే కుదుపుకు పది రెట్ల కుదుపు తగులుతుంది. డబ్బాలో గులకరాయిలా ఎగిరెగిరి పడతాడు. ఇక ఆ యంత్రం వెల్లకిలా పడిపోతే, 14 మీటర్ల ఎత్తున వున్న అతని గది గంటకు 60 కిలోమీటర్లు మించిన వేగంతో నేలను తాకుతుంది. ఆటలో వీరుడు నవ్వుతూ లేస్తాడు. నిజంగా అయితే లేవడం కష్టమే.

ఆటలు నిజం చెప్పే చోటు

అలాగని ఆటలన్నీ అబద్ధాలని కొట్టిపారేయకండి. ‘మెక్ వారియర్’ ఆటలో వరుసగా ఆయుధాలు పేలిస్తే యంత్రం వేడెక్కి ఆగిపోతుంది. ఇది మంచి ఊహ. వేడి పుట్టేది యంత్రం లోపల. బయటికి పోవలసింది దాని ఉపరితలం నుంచి. పరిమాణం పెరిగినకొద్దీ లోపలి భాగం ఘనం ప్రకారం, ఉపరితలం వర్గం ప్రకారం పెరుగుతాయి. అందుకే పెద్ద యంత్రం చల్లారడం కష్టం. ఏనుగుకు చేటల్లాంటి చెవులు కావలసి రావడానికి ఒక కారణం ఇదే.

కొన్ని ఆటలలో మహాకాయులు బరువుగా, నిదానంగా అడుగులు వేస్తారు. అది చూడగానే “అబ్బో, ఎంత పెద్దదో!” అనిపిస్తుంది. చురుకుగా గెంతేది ఎంత ఎత్తున్నా బొమ్మలాగే కనిపిస్తుంది. లోలకం సూత్రం మనం చదవకపోయినా మన కంటికి తెలుసు!

నిజంగా చేసినవి

1960లలో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఒక నాలుగు కాళ్ళ వాహనాన్ని చేసింది. దాన్ని నడిపేవాడు తన చేతులతో ముందు కాళ్ళనూ, తన కాళ్ళతో వెనక కాళ్ళనూ కదిలించాలి. యంత్రం నడిచింది కాని మనిషి కొద్దిసేపటికే అలసిపోయేవాడు. 2012లో జపాన్‌లో ‘కురటాస్’ అనే మరమనిషిని చూపారు. ఎత్తు సుమారు 4 మీటర్లు, బరువు నాలుగున్నర టన్నులు. 2023లో అక్కడే ‘ఆర్కాక్స్’ వచ్చింది. ఎత్తు 4.5 మీటర్లు, బరువు మూడున్నర టన్నులు. రెండింటిలోనూ మనిషి కూర్చుని నడపవచ్చు. అయితే రెండూ అడుగులు వేయవు. చక్రాల మీద కదులుతాయి.

మరి 18 మీటర్ల గండమ్‌ను ఎవరూ చేయలేదా? చేశారు. 2020 డిసెంబరు నుంచి 2024 మార్చి వరకు జపాన్‌లోని యొకహామా రేవులో అది ప్రదర్శనలో వుంది. బరువు 25 టన్నులు. చేతులు కదిపింది, మోకాళ్ళు వంచింది. కాని దాని నడుమును వెనక నుంచి ఒక బలమైన ఉక్కు ఆధారం పట్టుకునే వుంది. దాన్ని చేసిన ఇంజనీర్లు గెలీలియో చెప్పినదాన్ని మరచిపోలేదన్నమాట.

కనుక మీ ప్రశ్నకు జవాబు ఇది: మనిషి ఆకారాన్ని అలాగే పెంచితే నడిచే మేడ తయారుకాదు. పరిమాణం మారితే ఆకారం కూడా మారాలి. కాళ్ళు లావెక్కాలి, పాదాలు వెడల్పు కావాలి, నడక నెమ్మదించాలి. అప్పుడది మనిషిలా వుండదు, ఏనుగులా వుంటుంది. ఈసారి ఆట ఆడేటప్పుడు ఈ కళ్ళతో చూడండి. ఆట రుచి తగ్గదు, పెరుగుతుంది.

మీరే చేసి చూడండి

1. దారానికి చిన్న రాయి కట్టి 25 సెంటీమీటర్ల లోలకం ఒకటి, 100 సెంటీమీటర్ల లోలకం ఒకటి తయారు చేయండి. ఒక్కొక్కటి పదిసార్లు అటూ ఇటూ ఊగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. పొడవు నాలుగు రెట్లయితే కాలం ఎన్ని రెట్లయింది?

2. మన మనిషిని పది రెట్లు కాక మూడు రెట్లే పెంచండి. ఎత్తు, బరువు, రెండు పాదాల మీద నిలబడినప్పుడు నేల మీద పడే పీడనం ఎంతెంత?