తోటకూర మడుల్లో జీవామృతం పరీక్ష

ప్రశ్న: మా ఎనిమిదో తరగతి పిల్లలతో ప్రకృతి సేద్యంపై ప్రాజెక్టు చేయించాలని ఉంది. చార్టులు కాకుండా చేతులతో చేసేది చెప్పండి.
– సైన్స్ టీచర్, అనంతపురం జిల్లా

జవాబు: టీచర్ గారూ, తోటకూర వేయించండి. నెల రోజుల్లో కోతకొస్తుంది, పిల్లల ఆసక్తి చల్లారదు. సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన జీవామృతం ఎకరానికి 200 లీటర్ల లెక్కన కలుపుతారు. మీకు 20 లీటర్ల బకెట్ చాలు. అందులోని నీళ్లలో కలపాల్సినవి: కిలో ఆవు పేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, రసాయనాలు తగలని గట్టుమట్టి పిడికెడు. నీడలో ఉంచి పూటపూటా కలియబెడుతూ రెండు రోజులు పులియనివ్వాలి.

అసలు పని ఇక్కడినుంచే. ఒక మడికి పోసి, పచ్చగా ఉందని రాసేస్తే అది ప్రయోగం కాదు. ఒకే పొట్లంలోని విత్తనంతో తొమ్మిది చిన్న మడులు వేయించండి. మూడింటికి జీవామృతం, మూడింటికి పులియని పేడ నీళ్లు, మూడింటికి అంతే కొలతలో మామూలు నీళ్లు. ఏ మడికి ఏదో చీటీలు తీసి నిర్ణయించండి. పేడ నీళ్ల మడి లేకపోతే ఫలితం పులియడం వల్లా, పేడ వల్లా అన్నది తేలదు. చాలా ప్రాజెక్టుల్లో ఇదే వదిలేస్తారు, నాకు బాధనిపిస్తుంది.

కోసిన కూరను మడివారీగా తూకం వేయించండి. తేడా రాకపోయినా అలాగే రాయనివ్వండి. ద్రావణం మొదళ్లలోనే పోయాలి, ఆకులపై పడకూడదు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, ఆకు బాగా కడిగి ఉడికించాకే తినాలి.