బోటుకు ట్రాన్స్‌పాండర్: సిగ్నల్ లేని చోట కూడా కబురు



ఒడ్డు దాటి కొంత దూరం పోగానే సెల్ సిగ్నల్ పోతుంది. ఇంజిన్ ఆగినా, వాయుగుండం పట్టినా ఇంటికి తెలియదు. నీళ్లమీద దేశం హద్దు కూడా కనపడదు. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్లి పాకిస్థాన్‌కు చిక్కిన మన ఆంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు.

పథకం ఏమిటి?
ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద దేశంలో 1 లక్ష బోట్లకు ఇస్రో పరిజ్ఞానంతో చేసిన ట్రాన్స్‌పాండర్లు బిగిస్తారు. బోటు యజమాని డబ్బు కట్టనక్కర్లేదు.

ఎలా పనిచేస్తుంది?
1. ట్రాన్స్‌పాండర్ మీ బోటు ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా ఒడ్డునున్న కేంద్రానికి చెబుతుంది.
2. మీ ఫోన్ బ్లూటూత్‌తో దానికి కలుస్తుంది. సెల్ సిగ్నల్ అక్కర్లేదు.
3. ‘నభ్‌మిత్ర’ యాప్‌లో తుపాను హెచ్చరికలు, హద్దు దగ్గరపడితే అలర్ట్ వస్తాయి. ఆపదలో మీరూ సందేశం పంపొచ్చు.

మీరు చేయాల్సినవి
• యాప్‌ను ఒడ్డున నెట్ ఉన్నప్పుడే వేసుకోండి.
• బయల్దేరే ముందు ఫోన్ ఛార్జింగ్, బ్లూటూత్ చూసుకోండి.
• ట్రాన్స్‌పాండర్‌కు పైన ఆకాశం కనపడాలి. వలలు, టార్పాలిన్ కప్పొద్దు.
• చేపలు పడే చోటు ఇతరులకు తెలుస్తుందని దాన్ని ఆపేయొద్దు. ఆపేస్తే వెతికేవాళ్లకు మీ బోటు కనపడదు.

ఎవరిని అడగాలి?
బోటు రిజిస్ట్రేషన్, లైసెన్స్ కాగితాలతో మీ గ్రామ మత్స్య సహాయకుణ్ని కలవండి. బోటు రావాల్సిన వేళకు రాకపోతే ఇంటివాళ్లు ఆలస్యం చేయకుండా కోస్ట్ గార్డ్ నంబరు 1554కు ఫోన్ చేయాలి.