ఎడిటింగుకీ, కాస్త ఆటలకీ: మన బడ్జెట్లో గ్రాఫిక్స్ కార్డు

నేస్తాలూ, కథలూ కవితల మధ్య ఈ గ్రాఫిక్స్ కార్డు గొడవేంటని అనుకోకండి. ఈ ఏడాది మన క్లబ్బు పెట్టుకున్న పని అలాంటిది. భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు ఊళ్లలో కోయ పెద్దలు పాడే పాటలు, చెప్పే కథలు, కొమ్ము నృత్యం వీడియో తీసి, కింద తెలుగులో అర్థం వేసి దాచాలనుకున్నాం. ఆ పాటలు పుస్తకాల్లో కంటే గొంతుల్లోనే ఎక్కువ ఉన్నాయి. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథ పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. అలాంటి గొంతు ఒకటి పోయాక మళ్లీ రికార్డు చేద్దామంటే కుదరదు కదా.

అందుకే తీసిన వీడియో హార్డ్ డిస్కులో మూలుగుతూ ఉండిపోకూడదు. ఎడిట్ అవ్వాలి, ఆ ఊరివాళ్లు బతికుండగా చూసుకోవాలి. తీరా టైమ్‌లైన్ మీద వేస్తే కంప్యూటర్ మొరాయిస్తోంది. నాకూ అదే సమస్య వచ్చింది. ఇంట్లో మిర్చి అమ్మిన డబ్బులోంచి 18 వేలు నా చేతిలో పెట్టారు. అది ఒకసారి ఖర్చయిపోతే మళ్లీ పంట దాకా రాదు. అందుకని కొనేముందు రెండు వారాలు కూర్చుని లెక్కలేశాను. ఆ లెక్కలే ఇక్కడ రాస్తున్నా.

"ఇంటర్నెట్‌లో ఎక్కించి అక్కడే ఎడిట్ చేసుకోవచ్చుగా" అని కొందరన్నారు. సెకనుకి 50 మెగాబిట్ల ఫోర్‌కే వీడియో ఒక గంట తీస్తే 22.5 జీబీ అవుతుంది. 5 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంతో అది ఎక్కడానికి పది గంటలు పడుతుంది. అడవి అంచు ఊళ్లలో ఆ వేగం కూడా నమ్మకం లేదు. కాబట్టి పని మన మిషన్ మీదే జరగాలి.

కార్డు చేసే మూడు పనులు

వీడియో ఎడిటింగులో గ్రాఫిక్స్ కార్డు మూడు వేర్వేరు పనులు చేస్తుంది. ఈ మూడింటినీ కలిపేసి "పవర్‌ఫుల్ కార్డు" అనేస్తే మోసపోతాం.

మొదటిది డీకోడ్. ఫోను వీడియోని హెచ్.264 గానో, హెచ్.265 గానో కుదించి రాస్తుంది. ఎడిట్ చేసేటప్పుడు ప్రతి ఫ్రేమునీ మళ్లీ విప్పాలి. దీనికి చిప్పులో విడిగా ఒక భాగం ఉంటుంది. ఇంటెల్ ప్రాసెసర్‌లోని క్విక్ సింక్ కూడా ఇదే పని చేస్తుంది. అంటే మీ ప్రాసెసర్‌లో ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ ఉంటే ఈ పని సగం తీరినట్టే. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' అని ఉంటే అందులో ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ ఉండదు, క్విక్ సింక్ కూడా ఉండదు. కొత్తగా సిస్టమ్ కడుతున్నవాళ్లు కొద్దిపాటి డబ్బు మిగులుతుందని 'ఎఫ్' తీసుకునేముందు ఇది ఆలోచించండి.

రెండోది ఎఫెక్టులు. రంగులు సరిచేయడం, సైజు మార్చడం, బ్లర్, టైటిళ్లు. ఇక్కడే కార్డు అసలు బలం, దాని సొంత మెమరీ (వీ-ర్యామ్) పనికొస్తాయి. ఆటలకి కావలసినవి కూడా ఇవే.

మూడోది ఎన్‌కోడ్, అంటే చివర్లో ఫైలు బయటికి తీయడం. ఎన్విడియా కార్డుల్లో దీన్ని ఎన్‌వెంక్ అంటారు. ఇది లేకపోతే ప్రాసెసరే మొత్తం మోయాలి.

వీ-ర్యామ్ ఎంత కావాలి?

షాపుకి వెళ్తే "తమ్ముడూ, 4 జీబీ కార్డుంది, అన్నీ నడుస్తాయి" అంటారు. నడుస్తాయో లేదో మనమే లెక్కేసుకుందాం.

ఫోర్‌కే ఫ్రేములో 3840 × 2160, అంటే సుమారు 83 లక్షల పిక్సెళ్లుంటాయి. డావిన్చీ రిజాల్వ్ రంగుల లెక్కలన్నీ 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్‌లో చేస్తుంది. ఒక్కో పిక్సెల్‌కి నాలుగు విలువలు, ఒక్కో విలువకి నాలుగు బైట్లు, మొత్తం 16 బైట్లు అనుకుందాం. అప్పుడు ఒక్క ఫ్రేముకే సుమారు 133 ఎంబీ. 4 జీబీలో అలాంటివి 32 ఫ్రేములు పడతాయి. అందులోంచి విండోస్, మానిటరు, సాఫ్ట్‌వేర్ తమ వాటా తీసుకుంటాయి. పైగా ఎఫెక్టు వేసినప్పుడల్లా మధ్యలో ఇంకో కాపీ కావాలి. నాలుగైదు ఎఫెక్టులు, రెండు లేయర్లు పెట్టేసరికి "జీపీయూ మెమరీ నిండిపోయింది" అని వస్తుంది.

అదే 1080పీ ఫ్రేము అయితే ఇందులో నాలుగో వంతు, 33 ఎంబీ. కాబట్టి 1080పీ పనికి 4 జీబీ గట్టెక్కిస్తుంది. ఫోర్‌కే టైమ్‌లైన్‌కి 6 జీబీ అంచు మీద నడిపిస్తుంది. 8 జీబీ ఉంటే నిశ్చింత. మన వీడియోలు ఎక్కువగా ఫోనులోనే చూస్తారు కాబట్టి, ఫోర్‌కేలో తీసినా 1080పీ టైమ్‌లైన్‌లో ఎడిట్ చేస్తే తప్పేం లేదు.

కరెంటు, ఎండ

రివ్యూల్లో దీన్ని పెద్దగా పట్టించుకోరు గానీ, మనకి ఇదే ముఖ్యం. మదర్‌బోర్డు స్లాటు ఒక కార్డుకి 75 వాట్ల దాకా ఇవ్వగలదు. అంతకు మించి కావాలంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా ఆరు పిన్నులదో ఎనిమిది పిన్నులదో కనెక్టర్ కావాలి. మనలో చాలామంది వాడేది ఆఫీసులు వదిలేసిన సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్. వాటిలో చాలావాటికి ఆ కనెక్టర్ ఉండదు, ఎస్‌ఎంపీఎస్ కూడా చిన్నదే. సన్నటి క్యాబినెట్ అయితే సగం ఎత్తుండే 'లో ప్రొఫైల్' కార్డే పడుతుంది. టేపుతో కొలిచి మరీ వెళ్లండి.

ఇప్పుడు యూపీఎస్ లెక్క. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల లోడు మోస్తుంది. ప్రాసెసర్ 65, కార్డు 70, బోర్డు, ర్యామ్, డిస్కులు కలిపి 50, మానిటర్ 25 అనుకుంటే మొత్తం 210 వాట్లు. హాయిగా ఉంటుంది. కార్డు 170 వాట్లదైతే మొత్తం 310. కరెంటు పోయినప్పుడు సేవ్ చేసుకునే టైము బాగా తగ్గిపోతుంది. బ్యాటరీ పాతదైతే ఆ టైము కూడా ఉండదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని స్విచ్ 'యూపీఎస్ మోడ్'లో ఉందో లేదో చూడండి. మామూలు మోడ్‌లో అది మారేలోపు సిస్టమ్ రీస్టార్ట్ అవ్వచ్చు.

బిల్లు విషయానికొస్తే, రోజుకి నాలుగు గంటలు ఫుల్ లోడులో నడిస్తే ఆ 100 వాట్ల తేడా నెలకి 12 యూనిట్లు.

ఇక ఎండ. మే నెలలో కొత్తగూడెం, భద్రాచలం సంగతి మీకు చెప్పాలా? కార్డు ఫ్యాను గదిలో గాలితోనే చల్లబరుస్తుంది. 25 డిగ్రీల గదిలో 70 డిగ్రీలకి వెళ్లే కార్డు, 40 డిగ్రీల గదిలో అదే పనికి దాదాపు 85కి పోతుంది. అప్పుడు చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఏసీ గదిలో చేసిన రివ్యూ అంకెలు మన రేకుల గదిలో రావు. తక్కువ వాట్ల కార్డు, ముందొకటి వెనకొకటి క్యాబినెట్ ఫ్యాన్లు, నెలకోసారి దుమ్ము దులపడం, ఈ మూడూ చాలావరకు కాపాడతాయి.

ఏ కార్డు ఎవరికి?

ధరలు నెలనెలా మారుతున్నాయి కాబట్టి కింది మెట్టు నుంచి పైకి వరుసలో చెప్తాను. ధర మీరు కొనే రోజున చూసుకోండి.

జీటీ 710, జీటీ 730: మానిటర్‌కి బొమ్మ రావడానికి తప్ప ఎడిటింగుకి పనికిరావు. 4 జీబీ అని ఉన్నా ఆశపడకండి, ఆ మెమరీ నెమ్మదిది. జీటీ 1030లో ఎన్‌వెంక్ లేదు. పైగా అందులో డీడీఆర్4 రకం, జీడీడీఆర్5 రకం అని రెండున్నాయి. మొదటిది చాలా వెనకబడుతుంది.

ఆర్‌ఎక్స్ 6400, ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ: 2022లో వచ్చాయి. ఆటల వరకు ఫరవాలేదు. కానీ వీటిలో ఎన్‌కోడర్ అసలు లేదు. పైగా నాలుగే పీసీఐఈ లేన్లు. పాత బోర్డులో పెడితే దారి ఇంకా ఇరుకైపోతుంది. మన పనికి వద్దు.

జీటీఎక్స్ 1650: 2019 నాటిది. 4 జీబీ, 75 వాట్లు. చాలా మోడళ్లకి విడి కనెక్టర్ అక్కర్లేదు. ఎన్‌వెంక్ పాత తరానిదే అయినా పనిచేస్తుంది. 1080పీ ఎడిటింగుకి, వాలరెంట్, జీటీఏ 5, మైన్‌క్రాఫ్ట్ లాంటి ఆటలకి సరిపోతుంది. చవగ్గా దొరికితేనే తీసుకోండి.

ఇంటెల్ ఆర్క్ ఏ380: 6 జీబీ, 75 వాట్లు. కొత్త ఏవీ1 ఫార్మాట్‌లో కూడా ఎన్‌కోడ్ చేస్తుంది. ఎడిటింగు పరంగా ఆ ధరకి మంచి సరుకే. కాకపోతే బోర్డులో 'రీసైజబుల్ బార్' ఉండాలి. లేకపోతే ఆటల్లో బాగా నీరసపడుతుంది. పాత ఆఫీసు డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు.

ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీ: 2024 ఫిబ్రవరిలో వచ్చింది. 70 వాట్లు, సాధారణంగా విడి కనెక్టర్ అక్కర్లేదు. ఎన్‌వెంక్ బాగుంటుంది. రిజాల్వ్, ప్రీమియర్, బ్లెండర్ అన్నీ క్యూడాతో నడుస్తాయి. ఇదే పేరుతో 2022లో వచ్చిన 8 జీబీ కార్డు వేరు. అది 130 వాట్లది, దీనికంటే వేగమైనది. బిల్లు మీద ఏది రాశారో చదవండి.

ఆర్‌ఎక్స్ 6600: 8 జీబీ, 132 వాట్లు. ఆటల్లో 3050ని దాటిపోతుంది. ఎడిటింగులో కూడా పనిచేస్తుంది గానీ, హెచ్.264 ఎన్‌కోడ్ నాణ్యతలో ఎన్విడియాదే పైచేయి. బ్లెండర్ వాడాలనుకుంటే క్యూడా లేని లోటు కూడా తెలుస్తుంది. ఆటలు 70 శాతం, ఎడిటింగు 30 శాతం అనేవాళ్లకి ఇది.

ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ (170 వాట్లు), ఆర్‌టీఎక్స్ 4060 8 జీబీ (115 వాట్లు), ఆర్క్ బీ580 12 జీబీ (190 వాట్లు): ఇంకాస్త డబ్బు, మంచి ఎస్‌ఎంపీఎస్ ఉన్నవాళ్లకి. ఫోర్‌కే ఎడిటింగే ముఖ్యమైతే 12 జీబీ వైపు మొగ్గండి. కరెంటు, ఎండ ఇబ్బంది ఎక్కువైతే 4060 మేలు.

సెకండ్ హ్యాండ్ కొంటే

2022 సెప్టెంబర్ 15న ఇథీరియం తన పద్ధతి మార్చుకోవడంతో కార్డులతో మైనింగ్ చేయడం ఆగిపోయింది. అక్కడ రాత్రింబగళ్లు నడిచిన కార్డులు ఎన్నో తుడుచుకుని సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వచ్చాయి. మైనింగ్ చేసిన ప్రతి కార్డూ చెడ్డదని కాదు. ఫ్యాన్లు, థర్మల్ పేస్టు మాత్రం అరిగిపోయి ఉంటాయి.

అమ్మేవాళ్ల దగ్గరే మూడు పనులు చేయండి. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చిప్పు పేరు, మెమరీ చూడండి. పాత చిప్పుకి కొత్త పేరు పెట్టి అమ్మే కార్డులున్నాయి. ఫర్‌మార్క్ పదిహేను నిమిషాలు నడిపి ఉష్ణోగ్రత, తెర మీద మచ్చలు గమనించండి. అన్ని పోర్టుల్లో కేబుల్ పెట్టి చూడండి. "అన్నా, ఒక్క పావుగంట" అని అడిగితే ఒప్పుకోని మనిషి దగ్గర కొనకపోవడమే మంచిది. జీటీఎక్స్ 1050 టీఐ లాంటి 10 సిరీస్ కార్డులకి ఎన్విడియా 2025 అక్టోబర్‌తో మామూలు డ్రైవర్లు ఆపేసింది. సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే వస్తాయి. ఎంత చవకైనా ఇప్పుడు అది దండగ.

కార్డుకంటే ముందు

కార్డు మారిస్తే అన్నీ బాగైపోవు. ర్యామ్ 8 జీబీయే ఉంటే ముందు 16 చేయండి. వీడియో పాత హార్డ్ డిస్కు మీద ఉంటే ఎస్‌ఎస్‌డీ మీదకి తెచ్చుకోండి. ఆ తర్వాత 'ప్రాక్సీ' అలవాటు చేసుకోండి. సాఫ్ట్‌వేర్ ఫోర్‌కే క్లిప్పులకి చిన్న కాపీలు చేసి పెడుతుంది. మనం వాటి మీద ఎడిట్ చేస్తాం. చివర్లో అది అసలు వీడియోతోనే ఫైలు తీస్తుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు.

తెలుగు అక్షరాల ఒత్తులు విడిపోతే అది కూడా కార్డు తప్పు కాదు. ప్రీమియర్‌లో ప్రిఫరెన్సెస్‌కి వెళ్లి, గ్రాఫిక్స్ విభాగంలో టెక్స్ట్ ఇంజిన్‌ని 'సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్'కి మార్చండి.

అన్నిటికంటే ముందు, తీసిన వీడియో రెండు చోట్ల ఉండాలి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. కార్డు మళ్లీ కొనుక్కోవచ్చు. ఒక పెద్దావిడ పాడిన పాట ఉన్న డిస్కు తడిస్తే మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

నా లెక్కలన్నీ అయ్యాక ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ తీసుకున్నా. నాది సెకండ్ హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాప్, చిన్న ఎస్‌ఎంపీఎస్, 600 వీఏ యూపీఎస్, పైన రేకులు. ఆ పరిస్థితిలో 70 వాట్ల లోపు అన్నదే మిగతావాటినన్నింటినీ కొట్టేసింది. మీ ఇంట్లో ఎస్‌ఎంపీఎస్ పెద్దదైతే మీ జవాబు వేరేగా ఉంటుంది. అందుకే వరుస గుర్తుపెట్టుకోండి: ముందు స్లాటు, ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ ఎంత మోస్తాయి, తర్వాత ఎన్‌కోడర్ ఉందా, తర్వాత వీ-ర్యామ్ ఎంత. ఆటలో ఎన్ని ఫ్రేములొస్తాయన్నది ఆఖరున. బిల్లు, వారంటీ కార్డు మాత్రం అడిగి తీసుకోండి.

ఎడిటింగు నేర్చుకోవాలని ఉండి మిషన్ లేనివాళ్లు శనివారం క్లబ్బు గదికి రండి. క్లిప్పులు చాలా ఉన్నాయి. కోయ వచ్చినవాళ్లు వస్తే మరీ మంచిది, ఎందుకంటే ఆ పాటల అర్థం ఏ కార్డూ చెప్పదు.